ధనియాల ధ

కరెంటు పోయింది. పోక ఏం చేస్తుంది, నాకు పని పడిన పూటే దానికి ప్రయాణం గుర్తొస్తుంది. టీవీ నడిమధ్యలో ఒక వెలుగుచుక్క కాసేపు నిలబడి ఆరిపోయింది, దాంతోపాటే పెట్టెలో ఉన్నదంతా ఆరిపోయింది. ఈ కంప్యూటరుకు ఉన్న పెద్ద రోగం అదే, కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం, పోయిందంటే నీళ్ల మీద రాత. మళ్లీ కరెంటు రావాలి, టేప్ రికార్డరులో క్యాసెట్ వేసి అందులో దాచుకున్న ప్రోగ్రామును మళ్లీ పెట్టెలోకి ఎక్కించాలి, అదంతా మామ అంగడి మూసి ఇంటికి వచ్చేసరికి జరిగిపోవాలి. ఈరోజు పౌర్ణమి. "పున్నమి దాకా చూస్తా, ఆ పెట్టె ఇంటికి పనికొచ్చేది ఒక్కటి చూపియ్యండి, ల్యాకుంటే మర్సనాడు మొదటి బస్సుకు నంద్యాలకు పోవాల" అన్నాడు మామ. ఆళ్లగడ్డ బజారులో పాత్రల అంగడి మాధవయ్య అంటే మాట మీద నిలబడే మనిషని పేరు. మామ పేరు నేను పైకి అనను, మనసులో అనుకోవడానికేం, ఇక్కడ ఎవరు వింటారు. పెట్టె పోవలసిన గుడ్డ సంచి అప్పుడే వాకిలి పక్కన మేకుకు వేలాడుతోంది, పొద్దున ఆయనే తగిలించి పోయాడు. దానివైపు చూడకూడదని అటు తిరిగి కూర్చున్నాను, ఐనా వీపుకు కళ్లున్నట్టు అదే కనిపిస్తోంది.

మిద్దె గవాచిలోంచి వెన్నెల దిగి బండల మీద చదరంగా పడింది. ఆ వెలుగుకు ఇటు నేను, అటు మా అత్త రామేశ్వరమ్మ గోడకు ఆనుకుని, మధ్యలో చాప మీద ఎదురింటి లూదియా టీచరు. మిషను బడిలో చిన్న తరగతులకు చెప్తుంది, మామ ముందు నాలుగు మంచి మాటలు చెప్పమని నేనే పిలిచాను, టార్చిలైటు పట్టుకుని వచ్చింది పాపం. "రోంత శెనిక్కాయలన్నా వేయించకపోతివే సీతాలక్ష్మీ, ఈ చీకట్లో ఒలుచుకుంటా కూచుందుము" అంది. నాకు నవ్వు రాలేదు. "వస్తాది లేమ్మా, పొయ్యింది రాకుండా యాడికి పోతాది" అంది అత్త, అంటూనే కుడిచేతి చూపుడువేలితో మోకాలి మీద తడుతోంది, ఇక్కడొకటి, అక్కడొకటి, ఆగి మళ్లీ మొదటినుంచి. జపం చేసుకుంటున్నట్టుంది. చేసుకోనీ, ఎవరి దేవుడు ముందు వింటే ఆయనకే దండం, టీచరును కూడా ఒక ప్రార్థన చేయమందామా అనుకున్నాను.

ఎన్నిసార్లు ఎక్కించాను ఈ క్యాసెట్ నుంచి, ఎన్నిసార్లు ఎక్కక మొరాయించింది. నిన్న సాయంత్రం చివరి అక్షరం చేర్చి దాస్తూ ఉండగా దీపం ఒక్కసారి మినుకుమంది. దాచుకుందో, సగంలో మింగిందో తెలియదు. తెలుసుకుందామని ఈరోజు మధ్యాహ్నం ఎక్కించబోతే వోల్టేజి చాలక టీవీలో బొమ్మ ముడుచుకుపోయింది, సాయంత్రం బాగానే ఉందని మొదలుపెడితే ఇదిగో, ఇది. నంద్యాలలో మా అన్న రామనాథం టైపు ఇన్‌స్టిట్యూటులో ఐతే ఇంత భయం లేదు, టైపు మిషన్లకు కరెంటు ఎందుకు, వేళ్లుంటే చాలు. డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలన్నీ అక్కడే నాకు. పది మిషన్లు ఒక్కసారి మోగుతూ ఉంటే రేకుల కప్పు మీద వడగళ్ల వాన పడుతున్నట్టుండేది, లోయరు పాసయ్యాను, హయ్యరు పాసయ్యాను, ఏ ఆఫీసులోనో కూర్చుని టపటపలాడిస్తాననుకున్నాను, ఆళ్లగడ్డకు వచ్చి పప్పు రుబ్బాను. వేళ్లు ఊరుకుంటాయా, చపాతీ పిండి మీద కూడా ఆడేవి. పోయిన దసరాకు పోతే అన్న హైదరాబాదు నుంచి తెచ్చిన రెండు చిన్న కంప్యూటర్లు చూపించాడు, పలకంత నల్ల పెట్టె, రబ్బరు బటన్లు, వైరు తెచ్చి టీవీకి గుచ్చితే చాలు. "ఒకటి నువ్వు తీస్కపో, నేను నేర్చుకునే లోపల నువ్వు నేర్చుకుంటావ్" అన్నాడు. బస్సులో శిరివెళ్ల దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను, శిరివెళ్లలో సీటు కోసం గంపతో ఎక్కిన ఒకామె "ఏందమ్మా అది, బంగారమా" అంటే బంగారమే అన్నాను. ఆమె కాస్త జరిగి కూర్చుంది, పాపం.

టీవీ ఈ ఇంటికి వచ్చినప్పుడు అత్త వార్తలు చదివే ఆయన ఎదురుగా కూర్చునేది కాదు. ఆయన నమస్కారమంటే కొంగు తలమీదికి లాక్కుని పక్కకు తప్పుకునేది. "పరాయి మొగోడు, రెప్పెయ్యకుండా చూస్తాండాడు" అనేది. నేను నవ్వేదాన్ని కానీ ఆలోచిస్తే అత్తదే న్యాయం. రేడియో ఐనా టీవీ ఐనా వచ్చి మన నడిమింట్లో కూర్చుని అది చెప్పేది చెప్పి పోతుందే కానీ, మన మాట ఎప్పుడైనా విందా. వానలు పడతాయంటుంది, పడవు, ఎందుకు పడలేదని అడిగేదానికి లేదు. మామ రేడియోను తిట్టేవాడు, అది తన మానాన తాను పాడుకునేది. అలాంటిది ఆ పెట్టె తగిలించిన మొదటి రోజు నేను బటన్లు నొక్కితే నా పేరు ఇంగ్లీషులో టీవీ మీదికి వచ్చింది. ఒళ్లు జల్లుమంది నాకు. టీవీలో పేరు రావాలంటే మంత్రి కావాలి, లేదా మంత్రిగా చచ్చిపోవాలి, అంట్లు తోముకుని తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చిన సీతాలక్ష్మి పేరు వచ్చింది. అత్త వంటింటి గడప మీద నిలబడి చాలాసేపు చూసింది. "నువ్వు చెప్పినట్టు ఇంటాందా అది?" అంది. వింటుందన్నాను. "పోనీలే, ఈ ఇంట్లో నీ మాట ఇనేది ఒకటన్నా వచ్చె" అంది.

తెలుగులో రాదా అని అడిగింది కూడా అత్తే. రాదన్నాను, దానికి తెలుగు తెలియదన్నాను. "నువ్వు నేర్పియ్యి" అంది, కోడలికి చారు పెట్టడం నేర్పినంత సులువుగా. పెట్టెతో ఇచ్చిన పుస్తకం తిరగేస్తే ఉంది దారి, ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది నిలువు, ఏ గడి నల్లగా ఉండాలో ఏది తెల్లగా ఉండాలో మనం చెప్తే ఆ బొమ్మను అక్షరం అనుకుని ఒక బటనుకు కట్టేసుకుంటుంది. గళ్ల కాగితం మీద నేను 'అ' వేశాను. ఇంగ్లీషు అక్షరాలు కట్టెపుల్లలు, గళ్లలో బుద్ధిగా నిలబడతాయి, మనవి గుండ్రనివి, మూలలు పొడుచుకొచ్చి నా 'అ' విరిగిన గాజులాగా వచ్చింది. నాలుగు దినాలు కుస్తీ పట్టి విసుగుపుట్టి, ఆ గొడవ అట్లా వదిలేసి, ఇంగ్లీషులో పేరు అడిగే చిన్న ప్రోగ్రాము ఒకటి చేసుకుని దాచుకున్నాను. ఆ దాచుకోవడమే కొంప ముంచింది.

ఖాళీ క్యాసెట్ ఆళ్లగడ్డలో దొరకలేదు, దొరికేవన్నీ పాటలు నింపినవే. ఒక పాత భజనల క్యాసెట్టులో దాచుకుని, పొరపాటున ఎవరూ వెయ్యకుండా పైన కాగితం అంటించి 'ఇది వెయ్యొద్దు' అని పెద్ద అక్షరాలతో రాశాను. ధనుర్మాసం మొదటి తెల్లవారుజాము, రాముల గుడి దగ్గర భజన మందిరంలో మైకు పెట్టించే పెద్దరికం మామది, గడపలో నిలబడి భజన క్యాసెట్ ఇమ్మని అత్తను తొందరపెట్టాడు. అత్త అల్మారాలో ఉన్నవాటిలో కాగితం అంటించినది ఏరి ఇచ్చింది. ఎందుకంటే, కాగితం అంటించి మరీ రాశారంటే అదే కదా అన్నిటికన్నా మంచిది! ఆ తర్వాత జరిగింది ఆళ్లగడ్డకంతా తెలుసు. మంచు కురుస్తూ ఉంటే, ముగ్గులు పడుతూ ఉంటే, గుడి మీది మైకులోంచి వెయ్యి కీచురాళ్లు ఒక్క గొంతుతో అరిచాయి. ప్రోగ్రాము మనిషి చెవికి అట్లాగే వినపడుతుంది మరి, దాని భాష అది. దయ్యమన్నారు, మైకు పేలిపోతుందన్నారు, రుద్రవరం దాకా వినపడిందన్నారు, అది మాత్రం అబద్ధం, గాలి అటువైపు లేదు. మామ భజన బృందాన్నంతా వెంటేసుకుని ఇంటికి వచ్చి, వాళ్లందరి ముందు, "అక్షరం ముక్క రానిదానికి చెప్తి సూడు, నాది బుద్ధి తక్కువ" అన్నాడు. పెట్టెను ఆ పొద్దే పంపేస్తానన్నాడు. అత్త వంటింట్లోంచే, "ఇదో, పున్నమి దాకా ఉండనీ" అంది. ఎందుకని ఆయన అడగలేదు, సరే పున్నమి దాకా చూస్తానన్నాడు, అంతే. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు, అట్లాగే తిన్నాం. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు, మామ ఐతే మాత్రం.

ఆ మధ్యాహ్నమే అత్త ముగ్గుపిండి గిన్నెతో నడవలోకి వచ్చింది. బేతంచెర్ల బండల మీద కొలిచినట్టు చుక్కలు పెట్టింది, అడ్డానికీ నిలువుకూ ఎనిమిదెనిమిది, చెయ్యి ఆపకుండా. "ఏదీ, ఆ అక్షరం సూపియ్యి" అంది. నేను బండ మీద బొగ్గుతో పెద్దగా 'అ' రాశాను. దానివైపు తల వంచి చూసింది, పక్కింటామె వాకిట్లో కొత్త ముగ్గు చూసినట్టు, తర్వాత ఒక్కో చుక్కను మునివేలితో చెరిపేస్తూ పోయింది. "గుండ్రంగా రావల్లంటే మూల చుక్క ఉండకూడదు, అంత తెలీదా" అంది. ఆ చుక్కల్ని అట్లాగే పెట్టెకు చెప్పాను, టీవీ మీద ఇంత ముద్దొచ్చే 'అ' నిలబడింది. ఇద్దరం ఆడపిల్లల్లాగా ఎగిరాం. ఆ ఎనిమిదెనిమిది చాలని అక్షరాలకు పక్కనే ఇంకో ఎనిమిదెనిమిది కూడా తీసుకున్నాం. పెట్టెలో చోటు కొంచెమే, అన్ని అక్షరాలూ పట్టవు, అందుకని ఏవి కావాలో అత్తే చెప్పేది. చింతపండు చిం, మామిడికాయ మా, ఉప్పు ఉ, వంకాయ వ, అయ్య య్య. ప్రతిదానికీ దీని పేరేంది అని అడిగేది, చెప్తే లోపల్లోపల అనుకునేది. చిన్న కాగితం ముక్కల మీద రాసి అన్నం మెతుకుతో రబ్బరు బటన్లకు అంటించాం, అంటించింది కూడా ఆమే. చదువుకుంటావా అత్తా అంటే, "పోమ్మా, ఈ వయసులో నాకు పలకా బలపమా, నేను దానికి నేర్పిస్తాండా" అంది. దానికి నేర్పించింది, నిజమే. టీచరుకు చెప్తే, మా బడిలోనూ అంతే, పిల్లలకు చెప్పేటప్పుడే నాకు పాఠం వచ్చింది అంది.

నిన్న మాత్రం వింతగా పట్టుబట్టింది. నా లెక్క ప్రకారం అక్షరాలు అయిపోయాయి. టీవీ ముందుగా 'నీ పేరేంది?' అని అడుగుతుంది, పేరు కొడితే ఆ పేరు పెట్టి పిలిచి 'అన్నం తింటివా?' అంటుంది, ఈ సీమలో ఇంటికి వచ్చినవాళ్లను ఎవరమైనా మొదట అడిగేది అదే కదా. ఇంకేం కావాలి. "ధనియాల ధ కూడా చెయ్యాల" అంది అత్త. ధనియాలు లేకుండా చారు పెట్టుకోవచ్చు కదా అన్నాను. "ఉండాల్సిందే" అంది. మోకాళ్లు నొప్పి పెడుతున్నా వంగి చుక్కలు పెట్టింది, ద రాసి అడుగున చిన్న గీత, అది ఏ చుక్కలో ఇముడుతుందో మూడుసార్లు చెరిపి చూసుకుంది. అంత కష్టపడి చేసినది దాస్తూ ఉండగానే దీపం మినుకుమంది. మిగతావన్నీ పోయినా పోయాయి, ఆ ధ పోయిందంటే అత్త ముఖం నేను చూడలేను. కరెంటు రా తల్లీ, రా.

ఈ చీకట్లో ఈయన గుర్తొస్తున్నాడు, సరుకు కోసం బళ్లారి పోయాడు, ఉంటే టేప్ రికార్డరు తల సరిచేసేవాడు. ఈయన, అంతే, నేను కూడా పేరు అనను. బీఎస్సీ చదివినా అనను, నాలుక దాకా వస్తుంది, పెదవి దాటదు. అత్తకు ఐతే నలభై ఏళ్లుగా 'ఇదో', 'ఇనపడిందా'. రేషను కార్డులు రాసేవాడు వచ్చి ఇంటి యజమాని పేరడిగితే గోడ మీది క్యాలెండరులో కృష్ణుణ్ణి చూపించింది, ఆయన పేర్లలో ఒకటి అని. వాడు కృష్ణయ్య అని రాసుకుని పోయాడు, దాన్ని మార్పించడానికి మామ తిరగని తిరుగుడు లేదు. "పేరు చెప్తే నీ నోట్లో ముత్యాలు రాల్తాయా" అని అరిచాడు ఆయన. "మొగుని పేరు పెండ్లాం అంటే ఆయుస్సు తగ్గుతాది" అంది ఈమె. ఆయన మీద ఎంత కోపమున్నా ఆయన ఆయుస్సు మాత్రం చూసుకునేది, ఇప్పుడూ చూసుకుంటుంది, అదే నాకు అర్థం కాదు.

వీధిలో పిల్లలు అరిచారు. వచ్చెర్రో! స్టెబిలైజరు టక్కుమంది, బల్బు ఎర్రగా మొదలై తెల్లబడింది, టీవీ మెల్లగా కళ్లు తెరిచింది. క్యాసెట్ వెనక్కి తిప్పాను, నొక్కాను, కీచుమని మొదలైంది, టీవీ అంచుల్లో చారలు పరుగెత్తాయి, సగంలో ఆగింది. ఎక్కలేదు. మళ్లీ తిప్పాను, సౌండు ఒక వెంట్రుకవాసి పెంచాను. వాకిట్లో చెప్పుల చప్పుడు. మామ. ఆ కీచుశబ్దం ఎదురొస్తే గడపలోనే నిలబడిపోయి రెండు చెవులూ మూసుకున్నాడు. "మళ్లీ అదేనా" అన్నాడు. "కూచోండి శెట్టిగారూ, ఒక్క నిమిసం" అని టీచరు చాప జరిపింది. ఆయన కూర్చోలేదు. నేను చారల్నే చూస్తున్నాను. శబ్దం ఆగింది. తెల్లని టీవీ మీద నల్లగా, గుండ్రంగా, మూలలు లేకుండా: నీ పేరేంది?

టీచరు లేవబోయింది, మామ ముందు తన పేరే కొట్టి చూపించాలని మేం ముందే అనుకున్నాం. "ఉండు టీచరమ్మా" అంది అత్త. మోకాళ్ల మీద చేతులానించి లేచి వచ్చి పెట్టె ముందు కూర్చుంది. కొంగు తలమీదికి లాక్కోలేదు. ముగ్గు పట్టే ఆ వేలు బటన్ల మీద గాలిలో ఆగి, దిగింది. మా. నేను 'మామిడి' అనుకున్నాను. వేలు ఇంకో చోటికి పోయింది, ఇక్కడొకటి, అక్కడొకటి, అప్పుడు నాకు మోకాలి మీది జపం గుర్తొచ్చింది. ధ. ఉంది! పోలేదు, అడుగున చిన్న గీతతో సహా నిలబడి ఉంది, ధనియాలది కాదు, ఎన్నడూ కాదు, ఓరి దేవుడా. వ. య్య. ఆఖరి బటను నొక్కి చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

మాధవయ్య, అన్నం తింటివా?

ఆ కీచు విని వాకిట్లో మూగిన వీధి జనం ఒక్కసారి గొల్లుమన్నారు. అత్త ఎవరివైపూ చూడలేదు. "నేను నోటితో అన్లే" అంది, అంతే. మామ పెదవులు కదుపుతూ చదివాడు, మళ్లీ చదివాడు. "ఎవురు కొట్టింది ఇది?" అన్నాడు, కళ్లారా చూసి కూడా. "పెద్దమ్మే శెట్టిగారూ, మీ కండ్ల ముందరే గదా" అంది టీచరు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన అత్తవైపు చూశాడు, ఎంతసేపు చూశాడో, భజన మందిరం వాళ్లు కూడా ఇద్దరు గడపలో ఉన్నారు ఆ చూపుకు సాక్ష్యంగా. తర్వాత టీవీవైపు తిరిగాడు, గొంతు సవరించుకున్నాడు, రేడియోను తిట్టే మనిషి, ఒక మనిషికి జవాబు చెప్పినట్టు దానికి జవాబు చెప్పాడు.

"ఇంగా లేదు."

"ఐతే కాళ్లు కడుక్కో, వడ్డిస్తా" అంది అత్త, లేస్తూ. ఆయన పోతూ పోతూ మేకు దగ్గర ఆగి, సంచి తీసి నా చేతికిచ్చాడు. "ఇది లోపల పెట్టమ్మా, రేపు కూరగాయలకు కావాల" అన్నాడు. గెలిచాం అని అరవాలనిపించింది, రేపు మైకులో చెప్పించాలనిపించింది, అరవలేదు, సంచిని గుండెకు అదుముకుని చాప మీద కూలబడ్డాను, టీచరు నా వీపు చరిచింది. లోపల కంచాల చప్పుడు. టీవీ చెరుపుకుని మళ్లీ మొదటికి వచ్చి నన్నే అడుగుతోంది, నీ పేరేంది? ఎవరి పేరు కొట్టాలో నాకు తెలుసు. నా పెదవి దాటని ఆ పేరులో ఒక అక్షరం మేమింకా చెయ్యలేదు. రేపు వాకిట్లో ముగ్గు అయ్యాక అత్తను అడగాలి, దాన్ని చుక్కల్లో ఎట్లా కూర్చాలో.